పదమూడేళ్లు పాఠాలు చెప్పాను, ఆరేళ్లకు కాగితం లేదు

ఈసారి ఉత్తరం రాసినామె ఫిజిక్స్ టీచర్. వయసు 38. బీఎస్సీ, బీఈడీ కాలేజీకి వెళ్లి చదివారు. ఉద్యోగం చేస్తూ ఎమ్మెస్సీ దూరవిద్యలో పూర్తిచేశారు. మొత్తం పదమూడేళ్ల సర్వీసు. మొదటి ఆరేళ్లు పనిచేసిన ప్రైవేటు స్కూలు తర్వాత మూతపడింది. మిగతా ఏడేళ్లూ ఇప్పుడున్న స్కూల్లోనే. ఈమధ్య ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో యూఏఈలోని ఒక స్కూలు ఆమెను ఎంపిక చేసింది. ఆరు వారాల్లోగా అటెస్టేషన్ (అసలువేనని అధికారిక ముద్రలు) అయిన డిగ్రీలు, అనుభవ పత్రాలు పంపమంది. అందులో రెండు వారాలు అప్పుడే గడిచిపోయాయి.

ఫైలు తీసి చూసుకున్నాక టెన్షన్ మొదలైందట. బీఎస్సీకి ప్రొవిజనల్ తప్ప ఒరిజినల్ డిగ్రీ లేదు, అసలు దరఖాస్తే చేయలేదు. బీఈడీ డిగ్రీ ఉంది, కానీ పాడవకూడదని ఎప్పుడో లామినేషన్ చేయించారు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంది. పాస్‌పోర్టులో పెళ్లి తర్వాతి ఇంటిపేరు పూర్తిగా ఉంది. బీఈడీ డిగ్రీలో పేరు చివర ఒక అక్షరం ఎక్కువ పడింది. మూతపడ్డ స్కూలు నుంచి మిగిలింది ఒక ఐడీ కార్డు మాత్రమే.

ఏజెంటు మాత్రం ధైర్యంగా ఉన్నారు. "ఆ పాత స్కూలు లెటర్‌హెడ్ మీద ఆరేళ్లకు సర్టిఫికెట్ నేను తెప్పిస్తాను. పదేళ్లు దాటితేనే మంచి గ్రేడు, లేకపోతే ఆఫరే పోవచ్చు" అన్నారట. ఒరిజినల్స్ అన్నీ తన దగ్గరే పెట్టమన్నారు. విదేశంలో ఉన్న అక్క "అందరూ చేసేదే, భయపడకు" అంటోంది. భర్త "నీ ఇష్టం" అని ఊరుకున్నారు. మూడు నాలుగేళ్లు అక్కడ చేసి, ఆ తర్వాత ఆస్ట్రేలియాకో ఇంగ్లండ్‌కో వెళ్లాలని ఆమె ఆలోచన.

ఆమె మాటలు కొన్ని ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను: "అందులో అబద్ధం ఏముంది? నేను నిజంగానే అక్కడ ఆరేళ్లు పాఠాలు చెప్పాను కదా. మా అప్పటి హెడ్‌మిస్ట్రెస్ గారి నంబరు నా దగ్గరుంది. కానీ ఏడేళ్లుగా ఒక్కసారి కూడా పలకరించలేదు. ఇప్పుడు పని పడిందని ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేయను? ఇన్నేళ్లు బోర్డు ముందు నిలబడినదాన్ని, నేను టీచర్నేనని ఎవరికో రుజువు చేసుకోవాల్సి రావడం చాలా అవమానంగా ఉంది."

టీచర్ గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ మీ ప్రశ్న ఒక్కటే కనిపించింది: ఏజెంటు తెచ్చే కాగితం తీసుకోవాలా, ఉద్యోగం వదులుకోవాలా అని. రెండోసారి, మీరు జతచేసిన ఆఫర్ లెటర్ కాపీ పక్కన పెట్టుకుని చదివాను. అందులో కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలని ఉంది. జీతం గ్రేడును "ధ్రువపత్రాలతో చూపిన అనుభవాన్ని బట్టి" నిర్ణయిస్తామని ఉంది. పదేళ్లు లేకపోతే ఆఫర్ రద్దవుతుందని ఎక్కడా లేదు. ఆ మాట స్కూలు అనలేదు, ఏజెంటు అన్నారు.

అంటే ఇప్పటి స్కూలు ఇచ్చే ఏడేళ్ల పత్రం ఈ ఉద్యోగానికి సరిపోతుంది. ఆ ఆరేళ్ల కాగితం తేల్చేది మీరు ఏ మెట్టు మీద మొదలుపెడతారన్నది మాత్రమే. అది చిన్న విషయమని నేను అనను. ఆరేళ్ల కష్టానికి లెక్క రావాలని ఎవరికైనా ఉంటుంది. కానీ ఉద్యోగమే పోతుందన్న భయంతో తీసుకునే నిర్ణయం వేరు, గ్రేడు గురించి తీసుకునే నిర్ణయం వేరు. ముందు ఆ భయాన్ని పక్కన పెట్టండి.

"అందులో అబద్ధం ఏముంది" అన్న మీ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే మీరు నిజాయితీగానే అడిగారు. మీరు అక్కడ ఆరేళ్లు పనిచేశారన్నది నిజం. కానీ ఫైల్లోకి వెళ్లేది ఆ నిజం కాదు, ఒక కాగితం. స్కూలు నడిచే రోజుల్లో ఫలానా తారీఖున కరస్పాండెంట్ సంతకం చేసి, స్టాంపు వేసి ఇచ్చారని ఆ కాగితం చెబుతుంది. ఆ సంతకం జరగలేదు, ఆ స్టాంపు వేయలేదు, ఆ తారీఖున ఎవరూ ఏమీ ఇవ్వలేదు. రేపు ఎవరైనా పరిశీలిస్తే చూసేది మీ ఆరేళ్ల పాఠాలను కాదు, ఆ సంతకాన్నీ స్టాంపునూ తారీఖునూ.

కొన్నేళ్ల కిందట ఒక స్కూల్లో టీచర్ల ఎంపికకు నన్ను కూర్చోబెట్టారు. ఒక అమ్మాయి ఫైల్లో మూడు వేర్వేరు స్కూళ్ల అనుభవ పత్రాలు ఉన్నాయి. మూడు లెటర్‌హెడ్లు, మూడు రంగుల స్టాంపులు. కానీ 'సిన్సియర్' అన్న ఇంగ్లిషు మాటలో మూడింటిలోనూ ఒకే అక్షరం ఎగిరిపోయింది. మూడూ ఒకే చోట టైపయ్యాయని తెలియడానికి అర నిమిషం పట్టలేదు. ఆ రోజు అందరికన్నా మంచి డెమో క్లాసు చెప్పింది ఆ అమ్మాయే. బహుశా ఆ స్కూళ్లలో నిజంగానే పనిచేసి ఉంటుంది. అడిగే అవకాశమే రాలేదు, ఫైలు అక్కడికక్కడే మూసేశారు. గది దాటేటప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఈ కాగితం యూఏఈతో ఆగదు. మూడేళ్ల తర్వాత ఆస్ట్రేలియాకు దరఖాస్తు పెట్టేటప్పుడు మీ సర్వీసు వివరాలు మళ్లీ రాయాలి. అప్పుడు ఈ కాగితాన్నే మళ్లీ పెడతారు, లేదా ఇప్పుడెందుకు పెట్టలేదో చెప్పుకోవాల్సి వస్తుంది. ఆస్ట్రేలియా వీసా దరఖాస్తులో నకిలీ పత్రం ఉందని తేలితే, ఆ దరఖాస్తు తిరస్కరించడంతో సరిపెట్టరు, మూడేళ్లపాటు వీసాలు నిలిపివేసే నిబంధన ఉంది. బ్రిటన్‌లో మోసపూరిత దరఖాస్తుకు ఆ నిషేధం పదేళ్లు. అమెరికాలో ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప అది జీవితాంతం వెంటాడుతుంది. ఏజెంటుకు మీరు ఈ నెల ఫైలు. మీకు ఆ కాగితం మిగతా సర్వీసంతా మీ ఫైల్లో ఉండే కాగితం. "అందరూ చేసేదే" అన్న మీ అక్కగారు మీ మంచి కోరే అన్నారు. కానీ దొరికిపోయినవాళ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోరు కాబట్టి ఆవిడ చెవిన పడి ఉండదు.

మరి ఆ ఆరేళ్లు వదిలేసుకోవాలా? అక్కర్లేదు. పాత తారీఖు వేసిన దొంగ కాగితానికీ, ఇవాళ్టి తారీఖు వేసిన నిజమైన ఉత్తరానికీ చాలా తేడా ఉంది. మీ హెడ్‌మిస్ట్రెస్ గారు పాత లెటర్‌హెడ్ కోసం వెతకనక్కర్లేదు, పాత స్టాంపు చేయించనక్కర్లేదు. ఒక తెల్ల కాగితం మీద, ఇవాళ్టి తారీఖుతో, తన పేరు మీద రాస్తే చాలు. తాను ఆ స్కూల్లో ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నారు, స్కూలు గుర్తింపు నంబరు తెలిస్తే అది, ఎప్పుడు మూతపడింది, మీరు ఎప్పుడు చేరి ఎప్పుడు మానారు, ఏ తరగతులకు ఏ సబ్జెక్టు చెప్పారు, ఫుల్ టైమా పార్ట్ టైమా. కింద సంతకం, ఫోన్ నంబరు, ఈమెయిల్. తాను అక్కడ హెడ్‌మిస్ట్రెస్ అని చూపే పాత కాగితం ఏదైనా ఉంటే దాని కాపీ ఒకటి. పరిశీలించేవాళ్లు ఫోన్ చేస్తే అవతల ఒక మనిషి ఎత్తి "అవును, నా దగ్గరే పనిచేసింది" అంటారు. ఏజెంటు కాగితం వెనక అలా ఫోనెత్తే మనిషి ఎవరూ ఉండరు.

ఆ ఉత్తరం ఒక్కటే సరిపోకపోవచ్చు, చుట్టూ చిన్న చిన్న ఆధారాలు కూడబెట్టండి. జీతం బ్యాంకులో పడిన నెలలు ఉంటే ఆ ఖాతా స్టేట్‌మెంటు తీయించండి. పీఎఫ్ కట్టి ఉంటే అందులో యజమాని పేరు, తేదీలు ఉంటాయి, అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. పబ్లిక్ పరీక్షలకు ఇన్విజిలేషన్ వేసినప్పుడు, స్పాట్ వాల్యుయేషన్‌కు పిలిచినప్పుడు ఇచ్చిన ఆర్డర్లు చాలామంది టీచర్లు పడేయరు, ఏదో పుస్తకంలో పెట్టి మరిచిపోతారు. వాటి మీద మీ పేరు, స్కూలు పేరు, తారీఖు, ప్రభుత్వ సంతకం నాలుగూ ఒకే చోట ఉంటాయి. ఇంట్లో ప్రతి పాత పుస్తకం విదిలించి చూడండి. ట్రైనింగ్ సర్టిఫికెట్లు, మీరు దాచిన ఐడీ కార్డు కూడా పనికొస్తాయి. మూతపడ్డ స్కూళ్ల రికార్డులు కొన్నిసార్లు విద్యాశాఖ కార్యాలయానికి, కొన్నిసార్లు అదే యాజమాన్యం నడిపే మరో స్కూలుకు చేరతాయి. అక్కడ నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి. చివరగా మీ సర్వీసు వివరాలతో మీరే ఒక ప్రమాణపత్రం నోటరీ చేయించి జతపరచండి.

ఇవన్నీ పెట్టినా స్కూలు ఒప్పుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. ఆరేళ్లూ లెక్కలోకి తీసుకోవచ్చు. పీఎఫ్, బ్యాంకు ఆధారం ఉన్న ఏళ్లనే తీసుకోవచ్చు. అసలేమీ తీసుకోకపోవచ్చు. అప్పుడు ఏడేళ్ల గ్రేడుతో చేరడమా మానడమా అన్నది మీరే తేల్చుకోవాలి. చేరేటట్లయితే, తర్వాత ఆధారాలు దొరికితే గ్రేడు సవరిస్తారా అని ఇప్పుడే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

ఇక డిగ్రీలు. చాలామంది ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలను కలిపేసుకుని గాభరా పడతారు. ఈ కాగితం అసలుదేనా? ఈ చదువు మా దగ్గర ఏ చదువుకు సమానం? ఈ మనిషికి మా పిల్లలకు పాఠం చెప్పే అనుమతి ఇవ్వొచ్చా? ఈ మూడింటికీ జవాబు చెప్పే ఆఫీసులు వేరు. ఒకచోట పాసైతే రెండోచోట పాసైనట్టు కాదు. ఒకచోట ఆగిపోతే చదువే చెల్లదని కూడా కాదు.

మొదటి ప్రశ్నకు జవాబు అటెస్టేషన్, లేదా అపోస్టిల్. 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, సభ్యదేశాల మధ్య ఎంబసీల చుట్టూ తిరగకుండా ఒకే ఒక ముద్రతో పత్రం చెల్లుతుంది. అపోస్టిల్ అంటే కనీసం 9 సెంటీమీటర్ల భుజం ఉన్న చదరం, అందులో పది అంశాలు, పైన ఫ్రెంచిలో శీర్షిక. అది చెప్పేది ఏమిటో జాగ్రత్తగా వినండి: ఈ పత్రం మీద సంతకం ఫలానా అధికారిదే, ఆయన హోదా ఇదే, ఈ ముద్ర అసలుదే. అంతే. మీరు ఫిజిక్స్ బాగా చదివారని గానీ, పాఠం చెప్పడానికి అర్హులని గానీ అది చెప్పదు. డిగ్రీ వెనక ఆ ముద్ర పడగానే అన్నీ అయిపోయాయనుకుని విమానం టికెట్టు కొన్నవాళ్లు నాకు తెలుసు.

భారత్‌లో ఈ ఒప్పందం 2005 నుంచి అమల్లో ఉంది. కానీ మీరు వెళ్లే యూఏఈ అందులో లేదు. కాబట్టి మీ డిగ్రీకి అపోస్టిల్ కాదు, పాత పద్ధతిలో వరుస ముద్రలు కావాలి: రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖలో, తర్వాత యూఏఈ ఎంబసీలో, చివరగా యూఏఈ విదేశాంగ శాఖలో. ఒక మెట్టు తప్పితే తర్వాతి మెట్టువాళ్లు తీసుకోరు. సౌదీ అరేబియాలో ఈ ఒప్పందం 2022 డిసెంబరులోనే అమల్లోకి వచ్చింది, కెనడాలో 2024 జనవరిలో. అందుకే ఐదారేళ్ల కిందట వెళ్లిన స్నేహితురాలు చెప్పిన పద్ధతి ఇవాళ మారిపోయి ఉండొచ్చు. రెండు దేశాలూ సభ్యులైనా కొన్నిసార్లు చెల్లదు. భారత్ చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం తెలిపింది, దాంతో ఆ రెండింటి మధ్య అపోస్టిల్ పనిచేయలేదు. మీ అక్కగారి అనుభవం ఆవిడ వెళ్లిన దేశానికీ ఆవిడ వెళ్లిన ఏడాదికీ చెందింది. మీ దేశం, మీ ఏడాది వేరు.

రెండో ప్రశ్న, సమానత. బ్రిటన్‌లో యూకే ఎనిక్ అనే సంస్థ ఫలానా విదేశీ డిగ్రీ తమ దేశంలో దేనికి సాటి అన్నది రాసిస్తుంది. అమెరికాలో నేసెస్ అనే సంఘంలోని సంస్థలు ఒక్కో సబ్జెక్టు, ఒక్కో మార్కు లెక్కగట్టి నివేదిక ఇస్తాయి. ఇక్కడ ఒక మార్పు గమనించండి. మీ చేతిలోని కాగితం విలువ తగ్గుతోంది, యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లే కాగితం విలువ పెరుగుతోంది. కెనడాలో అంటారియో రాష్ట్రంలో టీచర్లకు అనుమతి ఇచ్చే 'కాలేజ్ ఆఫ్ టీచర్స్' అనే సంస్థ ట్రాన్‌స్క్రిప్టులు (మార్కుల వివర పత్రాలు) అభ్యర్థి చేతి మీదుగా ఒప్పుకోదు, యూనివర్సిటీయే పంపాలి. ఇంకెక్కడికైనా పంపడానికి సీలు వేసిన కవరు మీకిస్తే మీరు విప్పకూడదు. విప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

మీ ఎమ్మెస్సీ విషయం ఇక్కడికే వస్తుంది. దూరవిద్యలో చేశానని చెప్పకుండా ఉంటే మంచిదా అని ఉత్తరం మధ్యలో నెమ్మదిగా అడిగారు. వద్దు, దాచొద్దు. కొన్ని దేశాల్లో దూరవిద్య డిగ్రీకి గుర్తింపు కష్టమే. చదివిన పద్ధతి ఏమిటో యూనివర్సిటీ నుంచి రాయించి తెమ్మనేవాళ్లు ఉన్నారు, కాబట్టి దాచినా దాగదు. ఇంతకీ ఈ ఉద్యోగానికి వాళ్లు అడిగింది సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ. ఆ రెండూ మీరు కాలేజీలో చదివినవే. ఎమ్మెస్సీని ఉన్నది ఉన్నట్టు 'దూరవిద్య' అని రాసి, అర్హతగా కాకుండా అదనపు చదువుగా చూపండి. అప్పుడు దాన్ని ఎవరైనా పక్కన పెట్టినా మీ అర్హత కదలదు.

మూడో ప్రశ్న, పాఠం చెప్పే అనుమతి. దుబాయ్‌లో అయితే ప్రైవేటు స్కూలు టీచర్ నియామకానికి అక్కడి ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ అనుమతి కావాలి. ఆ దరఖాస్తు స్కూలే పెడుతుంది, పత్రాలు మీరివ్వాలి. ఆస్ట్రేలియా ఆలోచన నిజంగా ఉంటే ఇప్పటి నుంచే ఒకటి చేసుకోండి. అక్కడ ఏఐటీఎస్ఎల్ అనే సంస్థ టీచర్ల అర్హత పరిశీలిస్తుంది. డిగ్రీ, బీఈడీ కలిపి కనీసం నాలుగేళ్ల ఉన్నత విద్య చూస్తుంది. అందులో టీచర్ శిక్షణ కనీసం ఏడాది ఉండాలి. ఆ శిక్షణలో పర్యవేక్షణ కింద కనీసం 45 రోజులు స్కూల్లో పాఠాలు చెప్పినట్టు చూపాలి. ఇంగ్లిషు భాషా పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో చదవడం, రాయడంలో 7, వినడం, మాట్లాడడంలో 8 అడుగుతుంది. ఆ 45 రోజుల లెక్క చాలామంది మార్కుల మెమోల్లో కనిపించదు. మీ బీఈడీ కాలేజీకి వెళ్లి టీచింగ్ ప్రాక్టీసు ఎన్ని రోజులు, ఏ తరగతులకు అన్నది లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. స్కూలు మూతపడినట్టే కాలేజీలూ మూతపడతాయి. ఇంగ్లండ్‌లో 2023లో తెచ్చిన పద్ధతిలో భారత్ సహా కొన్ని దేశాల టీచర్లకు నేరుగా క్యూటీఎస్ (అర్హత పొందిన టీచర్) హోదాకు దారి తెరిచారు. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు మ్యాథ్స్, సైన్స్, భాషలు చెప్పే అర్హత ఉన్నవారికి ఆ అవకాశం ఇచ్చారు. ఫిజిక్స్ మీకు అక్కడ అక్కరకొచ్చే సబ్జెక్టు.

ఇప్పుడు మీ ఫైలు. అన్నిటికన్నా ముందు బీఎస్సీ ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ. ప్రొవిజనల్ మీద అటెస్టేషన్ చేయించుకుందామని చూడకండి, అడిగింది డిగ్రీ. ఇవాళే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టండి, తత్కాల్ పద్ధతి ఉంటే అందులో పెట్టండి. మీకు ఆలస్యమయ్యేది అక్కడే. ఆ రసీదును స్కాన్ చేసి దాచుకోండి, అది మీకు తర్వాత పనికొస్తుంది, ఎలాగో చెబుతాను.

లామినేషన్ చేసిన డిగ్రీ మీద స్టాంపు సిరా నిలవదు, చాలాచోట్ల తీసుకోరు. ఇస్త్రీపెట్టె వేడి చూపిస్తే ఊడుతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సంతకం మీది సిరా ప్లాస్టిక్‌తో పాటే లేచి వస్తుంది. డూప్లికేట్ డిగ్రీకి దరఖాస్తు చేయడం నిదానమైన దారి, కానీ నిలిచే దారి. పైగా మీ బీఈడీ డిగ్రీలో ఎలాగూ పేరులో అక్షరం తప్పు ఉంది. కొత్తది తీసుకునేటప్పుడే పదో తరగతి సర్టిఫికెట్ చూపించి అది కూడా సవరించమని అడగండి.

ఇంటిపేరు తేడా చూసి మీరు బాగా కంగారు పడ్డారు గానీ, ఇది రోజూ వచ్చే సమస్య. పొడి అక్షరం, పూర్తి పేరు, పెళ్లి తర్వాతి పేరు, మూడూ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్ ఒకటి, వివాహ ధ్రువపత్రం ఒకటి పెడితే చాలావరకు సరిపోతుంది. బీఈడీ డిగ్రీలోని ఆ ఒక్క అక్షరం సంగతి వేరు. పొడి అక్షరాన్ని విప్పి చెప్పొచ్చు, పెళ్లితో మారిన పేరుకు సాక్ష్యం ఉంటుంది. తప్పు పడ్డ అక్షరానికి వివరణ చెప్పేకంటే దిద్దించుకోవడమే మేలు. అందుకోసం పాస్‌పోర్టు జోలికి మాత్రం వెళ్లకండి. ఒకటి సరిచేయబోతే ఆఫర్ లెటర్‌తో సహా ఇంకో నాలుగు మారాల్సి వస్తాయి.

ఒరిజినల్స్ ఏజెంటు దగ్గర పెట్టొద్దు. అటెస్టేషన్‌కు కొన్నాళ్లు ఎవరికో ఒకరికి ఇవ్వక తప్పదు, అది వేరు. ఇచ్చేముందు ప్రతి పేజీ రెండువైపులా స్కాన్ చేయండి. ఏయే పత్రాలు, ఏ రోజు, ఎప్పటికి తిరిగిస్తారు అన్నది రాసి సంతకం ఉన్న రసీదు తీసుకోండి. పని అవగానే వెనక్కి తెచ్చుకోండి. "సేఫ్టీ కోసం మా దగ్గరే ఉంచండి" అనడంలో సేఫ్టీ ఆయనది. రేపు మీరు ఆ ఆఫర్ కాదనుకుంటే మీ డిగ్రీలు ఎవరి బీరువాలో ఉంటాయో ఆలోచించండి. దొంగ సర్టిఫికెట్ తెస్తానని తానే అన్న మనిషి చేతికి అసలు సర్టిఫికెట్లు ఇవ్వమని నేను చెప్పలేను.

మిగిలింది నాలుగు వారాల గడువు. నిజం చెప్పాలంటే ఓడీ, బీఈడీ డూప్లికేట్, ఆ పైన వరుస ముద్రలు, అన్నీ నాలుగు వారాల్లో కావడం కష్టం. అందుకే గడువు చివరి రోజు దాకా ఆగకుండా ఈ వారమే స్కూలు హెచ్‌ఆర్‌కు మీరే నేరుగా రాయండి, ఏజెంటుకు కాపీ పెట్టండి. నా మొత్తం సర్వీసు పదమూడేళ్లు, ఏడేళ్లకు పత్రం జతచేస్తున్నాను, మొదటి స్కూలు మూతపడినందున మిగతా ఆరేళ్లకు అప్పటి హెడ్‌మిస్ట్రెస్ ఉత్తరం, ఇతర ఆధారాలు పంపుతాను, డిగ్రీకి దరఖాస్తు చేసిన రసీదు ఇదిగో, అటెస్టేషన్‌కు ఇంత సమయం కావాలి అని. ఇందాక దాచుకోమన్న రసీదు ఇక్కడ పనికొస్తుంది. ఊరికే గడువు అడిగే అభ్యర్థికీ, రసీదు చూపి అడిగే అభ్యర్థికీ తేడా ఎంతో స్కూలు నడిపేవాళ్లకు బాగా తెలుసు.

వాళ్లు గడువిస్తే మంచిదే. పత్రాలు వచ్చేదాకా ఆన్‌లైన్లో వెరిఫై చేసుకుంటామనొచ్చు. లేదు, ఈ టర్ముకు కుదరదనొచ్చు. అలా అంటే బాధగానే ఉంటుంది. కానీ అప్పటికి మీ చేతిలో ఓడీ, సరైన పేరుతో బీఈడీ డిగ్రీ, టీచింగ్ ప్రాక్టీసు ఉత్తరం, హెడ్‌మిస్ట్రెస్ ఉత్తరం ఉంటాయి. తర్వాతి ఆఫర్ ఏ దేశం నుంచి వచ్చినా మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టరు. లేదా యూఏఈ మెట్టు దాటేసి, ఏడాది ఆగి, నేరుగా ఆస్ట్రేలియాకో ఇంగ్లండ్‌కో అర్హత పరిశీలనకు వెళ్లొచ్చు. ఆలస్యం అవుతుంది, భాషా పరీక్షకు కూర్చోవాలి, కానీ ఒకసారే కదిలితే చాలు. ఈ రెండింటిలో ఏది మేలన్నది మీ ఇంటి పరిస్థితి మీద ఉంటుంది, అది మీ ఉత్తరంలో లేదు. ఏ దారైనా సరే, వీసా చేతికొచ్చేదాకా ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా మాత్రం ఇవ్వకండి. ఆ ఏడేళ్ల అనుభవ పత్రం స్నేహంగా ఉన్నప్పుడే అడిగి తీసుకోండి.

అవమానం అన్నారు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బోర్డు మీద గీత గీస్తుండగానే వెనక బెంచీలో ఎవరికి అర్థం కాలేదో తెలిసిపోయే మనిషిని పట్టుకుని, మీరు టీచరేనా అని ఫారం నింపమంటే మనసు నొచ్చుకోవడం సహజం. కానీ అడుగుతున్నవాళ్లు మిమ్మల్ని అనుమానించడం లేదు, వాళ్లకు మీరు తెలియదు. రేపు మీ పిల్లల క్లాసుకు ఎక్కడినుంచో ఒక కొత్త టీచర్ వస్తే, ఆమె కాగితాలు ఎవరో ఒకరు సరిగ్గా చూసే ఉండాలని మీరే కోరుకుంటారు. ఇక్కడ మీ మనసు ఎక్కువ చివుక్కుమన్నది ఫారాల వల్ల కాదనిపిస్తోంది. ఆ ఆరేళ్లను చూసిన మనిషి ఒకరున్నా, ఆవిడకు ఫోన్ చేయలేకపోవడం వల్ల. ఏజెంటు చెప్పిన దారి సులువుగా కనిపించడానికి సగం కారణం కూడా అదే అనుకుంటాను. ఆయన కాగితం తీసుకుంటే ఆ ఫోన్ చేయనక్కర్లేదు కదా.

స్కూలు మూతపడ్డాక ఆవిడ దగ్గర చదివిన పిల్లలూ పనిచేసిన టీచర్లూ తలో దిక్కుకూ పోయారు. ఏడేళ్ల తర్వాత పాత టీచర్ గొంతు వినిపిస్తే, పని మీద చేసిందని ఆవిడ లెక్కపెడతారని నాకు అనిపించడం లేదు. ఈ ఆదివారం పొద్దున చేయండి. ఇన్నాళ్లూ పలకరించనందుకు క్షమించమనండి, మాట దాచకుండా పని కూడా ఉందని ముందే చెప్పేయండి. ఆ తర్వాత ఉత్తరం గురించి కాదు, ముందు ఆవిడ గురించి అడగండి. ఎలా ఉన్నారు, ఎక్కడున్నారు, మీ బ్యాచ్ పిల్లలు ఎవరైనా వచ్చి కలుస్తున్నారా అని. ఆవిడ ఏమన్నారో నాకూ రాయండి.